కుటుంబంతో కైతెన్ సుషీకి: జపాన్‌లో ఏ హోటల్ ఎవరికి సరిపోతుంది

జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో కొన్ని వారాల కోసం వచ్చిన తల్లిదండ్రులు, సెలవుల్లో టోక్యో, ఒసాకా చూడటానికి వచ్చిన కుటుంబాలు, టోక్యోలో నిషి కసాయి ప్రాంతంలో ఏళ్ల తరబడి కాపురం ఉంటున్న మనవాళ్లు, వీరందరికీ ఏదో ఒక ఆదివారం తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. బెల్టు మీద ప్లేట్లు తిరిగే సుషీ హోటల్‌కు అందరం కలిసి వెళ్లాలి, అయితే ఏ హోటల్‌కు? జపాన్‌లో వీటిని కైతెన్ జుషి అంటారు. కైతెన్ అంటే తిరగడం. ఒకే వీధిలో రెండు మూడు పేర్లు కనిపిస్తాయి, అన్నిటి బయటా సాల్మన్ ముక్కల బొమ్మలే ఉంటాయి, ధరలూ దాదాపు ఒకటే అనిపిస్తాయి. తేడాలన్నీ లోపలికి వెళ్లి, పిల్లవాణ్ణి సోఫాలో కూర్చోబెట్టి, స్క్రీన్ ముందు వేలు పెట్టిన తర్వాతే ఒక్కొక్కటిగా బయటపడతాయి.

స్థానికులు ఈ హోటళ్లను పోల్చేటప్పుడు మొదట మాట్లాడేది చేప నాణ్యత గురించి. మన కుటుంబాలకు ఆ కొలమానం మొదటిది కాకూడదని నా అభిప్రాయం. బల్ల చుట్టూ కూర్చునే ఆరుగురిలో పచ్చిచేపను ఇష్టంగా తినేవారు ఇద్దరుంటే గొప్ప. మిగిలినవారిలో ఒకరు శాకాహారి అయిన అత్తగారు కావచ్చు, ఒకరు ఉడికిన చేపైతేనే ముట్టే మామగారు కావచ్చు, ఒకరు అయిదేళ్ల పిల్లవాడు, ఒకరు నెలలు నిండుతున్న ఆడపడుచు కావచ్చు. ట్యూనా ఆ పూట ఎంత తాజాగా వచ్చిందన్నది వారిలో ఎవరికీ పట్టని సంగతి. కాబట్టి ఆ బల్ల దగ్గర తినడం ఎవరికి అన్నిటికంటే కష్టమో ముందుగా వారిని గుర్తించి, వారికి కుదిరే హోటల్‌ను ఎంచుకోవాలి. పచ్చిచేప ప్రియులు ఎక్కడ కూర్చోబెట్టినా కడుపునిండా తింటారు.

నిజంగా తిరిగేది ఎక్కడ

"కన్వేయర్ బెల్ట్" అన్న పేరు విని వెళ్లినవారికి మొదటి నిరాశ ఏమిటంటే, ఇప్పుడు చాలా శాఖల్లో ఏదీ తిరగదు. ఈ పద్ధతిని కనిపెట్టిన యోషియాకి షిరాయిషి, బీరు కర్మాగారంలో సీసాలు బెల్టు మీద సాగిపోవడం చూసి, తక్కువమంది పనివాళ్లతో ఎక్కువమందికి సుషీ అందించడానికి అదే మార్గమని గ్రహించి, 1958లో నేటి హిగాషి ఒసాకా నగరంలో గెన్రోకు సుషీ పేరుతో మొదటి హోటల్‌ను తెరిచారు. 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శన తర్వాత దాని పేరు దేశమంతటా పాకింది. సెకనుకు సుమారు 8 సెంటీమీటర్లు కదిలే ఆ బెల్టు మీద ఎవరికి ఏది కావాలంటే అది తీసుకునేవారు.

ఆర్డర్ ఇచ్చిన ప్లేటును మాత్రమే నేరుగా బల్ల దగ్గరికి పంపే పద్ధతి కొన్ని చెయిన్ హోటళ్లలో ముందే మొదలైంది. 2023 జనవరిలో ఒక కుర్రవాడు సోయా సాస్ సీసా మూతిని నాకి తిరిగి అక్కడే పెట్టిన వీడియో దేశమంతటా పాకిన తర్వాత ఆ మార్పు మరింత ఊపందుకుంది. ఇప్పుడు సుషిరో, హమాజుషి, కప్పా సుషీ అనే పెద్ద చెయిన్ల శాఖల్లో ఎక్కువ చోట్ల స్క్రీన్ మీద నొక్కితే ప్లేటు తిన్నగా మీ బల్ల ముందుకు వచ్చి ఆగుతుంది, తీసుకోకపోతే చిన్న పాట మోగుతూ గుర్తుచేస్తుంది. తిరిగే ప్లేట్లను ఇంకా పట్టుదలగా కొనసాగిస్తున్న పెద్ద చెయిన్ కూరా సుషీ. అక్కడ ప్రతి ప్లేటు మీదా పారదర్శకమైన గుండ్రటి మూత ఉంటుంది. 2011 నుంచి వాడుతున్న ఆ మూతను చేత్తో ముట్టుకోనక్కరలేదు, ప్లేటు అంచును పట్టి పైకి లాగితే మూత దానంతట అదే తెరుచుకుంటుంది. మొదటిసారి వెళ్లిన పెద్దలు మూతనే పట్టుకుని లాగుతారు, ప్లేటు ముందుకు సాగిపోతుంది, పక్కనున్న మనవడు నేర్పిస్తాడు. పిల్లలకు ప్లేట్లు తిరగడమే చూపించాలన్నది మీ కోరిక అయితే ఇక ఆలోచించనక్కరలేదు, కూరాకే వెళ్లండి.

పిల్లలు ఉన్న బల్ల

పిల్లల విషయంలో కూరాకు సాటి వచ్చే చోటు లేదు, దానికి కారణం సుషీ కానే కాదు. తిన్న ఖాళీ ప్లేటును బల్ల అంచున ఉన్న కంతలోకి జారవిడిస్తే అది లోపలి నీటి కాలువలో కడిగే చోటికి పోతుంది, అలా అయిదు ప్లేట్లు వేయగానే స్క్రీన్ మీద చిన్న ఆట ఒకటి ఆడుతుంది, గెలిస్తే బల్ల పైనున్న యంత్రం నుంచి బొమ్మ ఉన్న గుండ్రటి డబ్బా దొర్లి పడుతుంది. బిక్కురా పోన్ అని పేరున్న ఈ ఆటలో ప్రతిసారీ బొమ్మ వస్తుందన్న హామీ లేదన్న మాట పిల్లవాడికి ముందే చెప్పి ఉంచడం మంచిది. పిల్లవాడు రెండు ప్లేట్ల దగ్గరే చాలంటాడు. బొమ్మ కోసం మిగిలిన మూడు ప్లేట్ల భారం తండ్రి మీద పడుతుంది. ఇద్దరు పిల్లలు ఉంటే రెండో బొమ్మ వచ్చేదాకా లేవనివ్వరు కాబట్టి ఖర్చును అనుకున్నదానికంటే కొంచెం ఎక్కువగానే లెక్కవేసుకోండి.

సుషిరోలో కొన్ని శాఖల్లో బల్ల పక్కన పెద్ద స్క్రీన్ అమర్చి, దాని మీద ప్లేట్లు తిరుగుతున్నట్టు బొమ్మలు చూపుతూ, నచ్చినదాన్ని వేలితో తాకి ఆర్డర్ ఇచ్చే ఏర్పాటు చేశారు. డిజిరో అనే ఈ ఏర్పాటు పిల్లలను పది నిమిషాలు బాగానే పట్టి ఉంచుతుంది, అయితే కూరాలోని బొమ్మల ఆటకు అలవాటుపడిన పిల్లలు పెదవి విరుస్తారు. కప్పా సుషీలో బుల్లెట్ రైలు ఆకారంలో ఉన్న బండి మీద ప్లేట్లు వచ్చే శాఖలు ఉన్నాయి; రైళ్ల పిచ్చి ఉన్న మూడేళ్ల పిల్లవాడికి అంతకంటే మంచి చోటు దొరకదు. హమాజుషిలో పిల్లలను ఆకట్టుకునే ఇలాంటి హంగులు తక్కువ.

వసాబీ అనే ఘాటైన పచ్చటి ముద్ద గురించి భయపడనక్కరలేదు. పెద్ద చెయిన్లలో సుషీని వసాబీ లేకుండానే పంపి, కావలసినవారు విడిగా చిన్న ప్యాకెట్ తీసుకునే పద్ధతి ఇప్పుడు సాధారణమైపోయింది. నిజంగా జాగ్రత్తపడవలసింది బల్ల మీది వేడినీటి కుళాయి విషయంలో. నల్లటి మీటను కప్పుతో నొక్కితే మరిగే నీళ్లు వస్తాయి. అది గ్రీన్ టీ పొడి కలుపుకోవడానికి పెట్టినది. చేతులు కడుక్కునే కుళాయి అనుకుని వేలు పెట్టినవారి కథలు జపాన్‌లో విదేశీయుల మధ్య ఎన్నో వినిపిస్తాయి. చిన్నపిల్లలను కుళాయికీ బెల్టుకూ దూరంగా, సోఫా బయటి చివరన కూర్చోబెట్టండి; వాళ్లు లోపలే కూర్చుంటామని ఏడుస్తారు, అయినా సరే.

పచ్చిచేపను ఏ వయసు నుంచి పెట్టవచ్చన్న ప్రశ్నకు జపాన్ తల్లులు సాధారణంగా మూడేళ్లు దాటాక అంటారు. అంతవరకు ఉడోన్ నూడుల్స్, గుడ్డుతో ఆవిరి మీద వండే చవన్‌ముషి, బంగాళదుంప వేపుడు పెడతారు. మన పిల్లలకు అలవాటు లేని ఆహారం కాబట్టి మూడేళ్లు దాటినా ఒక్కసారిగా పెట్టకుండా ఉడికిన రొయ్య, తీపి ఆమ్లెట్ పెట్టిన తమాగో సుషీలతో మొదలుపెట్టడం ఉత్తమం.

శాకాహారులు: అసలు చిక్కు

ఇక్కడ కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మన కుటుంబాల ఆదివారాలు చెడిపోయేది ఇక్కడే. స్క్రీన్ మీద దోసకాయ, వంకాయ, మొక్కజొన్న, సోయా గింజలు కనిపించగానే "ఫర్వాలేదు, అమ్మ తినడానికి కూడా చాలా ఉన్నాయి" అనుకుంటాం. జపాన్ వంటకు పునాది దాషి అనే రసం. ఎండబెట్టి, పొగబెట్టి, సన్నగా తురిమిన కట్సువో చేపతో దీన్ని కాస్తారు. ఆ చేప ప్లేటులో కంటికి కనిపించదు, మిసో సూప్‌లో ఉంటుంది, ఉడోన్ రసంలో ఉంటుంది, తీపి ఆమ్లెట్‌లో ఉంటుంది, వేయించిన టోఫు సంచిలో అన్నం నింపిన ఇనారిలో ఆ టోఫును ఉడికించిన రసంలో ఉంటుంది. పులిసిన సోయా గింజలను అన్నంతో కలిపి సముద్రపు నాచులో చుట్టిన నట్టో చుట్టలో గింజలు శాకమే అయినా, వాటి మీద పోసే సాస్‌లో చేప రసం తరచుగా కలుస్తుంది. సొరజాతి కాయను ఎండబెట్టి తీపిగా ఉడికించిన కంప్యో చుట్టకు కూడా ఇదే అనుమానం వర్తిస్తుంది. చవన్‌ముషిలో రొయ్య, కోడి ముక్క కూడా గుడ్డు కింద దాగి ఉండవచ్చు.

వీటన్నిటినీ తీసేస్తే నిక్కచ్చి శాకాహారికి మిగిలేవి కప్పా మాకి అనే దోసకాయ చుట్ట, ఉప్పు వేసి ఉడికించిన ఎదమామె అనే పచ్చి సోయా కాయలు, పండ్ల ముక్కలు, ఐస్‌క్రీమ్. అవకాడో ఉన్నచోట దాని మీద మయోనైజ్ పోస్తారు, అందులో గుడ్డు ఉంటుంది. నాచు చుట్టిన అన్నం ముద్ద మీద మొక్కజొన్న పెట్టే గుంకన్‌లోనూ అంతే. బంగాళదుంప వేపుడు, కోడి వేపుడు ఒకే నూనెలో వేగుతాయేమో అని పట్టించుకునేవారు దాన్నీ వదులుకోవలసి వస్తుంది. పుడ్డింగులు, జెల్లీల్లో జెలటిన్ ఉండవచ్చు. బల్ల మీది సోయా సాస్ సీసాలోనే దాషి కలిసి ఉండే అవకాశం ఉంది. హమాజుషి ప్రత్యేకత బల్ల మీద పెట్టే రకరకాల సోయా సాస్‌లు. మాంసాహారికి అది పండగే, శాకాహారికి మాత్రం ఏ సీసాలో ఏముందో చదివి తెలుసుకునే పని. ఫోన్‌లో అనువాద కెమెరాతో సీసా మీది అక్షరాలను చదివించడం ఈ ఒక్క సందర్భంలో నిజంగా ఉపయోగపడుతుంది.

కూరా సుషీ తన వంటకాల్లో కృత్రిమ రుచికారకాలు, కృత్రిమ తీపి పదార్థాలు, కృత్రిమ రంగులు, కృత్రిమ నిల్వకారకాలు అనే నాలుగింటినీ వాడనని ప్రకటించుకుంటుంది. ఆ ప్రకటన చూసి, ఇక్కడ శుద్ధమైన శాకాహారం దొరుకుతుందని పొరబడినవారిని నేను చూశాను. ఆ హామీకీ శాకాహారానికీ సంబంధం లేదు; కృత్రిమ రుచికారకం లేనిచోట రుచి కోసం వాడేది చాలా సందర్భాల్లో చేప రసమే.

పనివాళ్లతో మాట్లాడవలసి వస్తే "వెజిటేరియన్" అన్న మాట మీద ఆధారపడకండి, చాలామందికి దాని అర్థం "మాంసం తినరు, చేప తింటారు" అన్నంతవరకే చేరుతుంది. "సకనా మో నికు మో తబెమసెన్, దాషి మో దామే దెసు" అంటే చేప, మాంసం తినం, దాషి కూడా కుదరదు అని స్పష్టంగా అర్థమవుతుంది. అలా చెప్పిన తర్వాత వారు వినయంగా తలవంచి, మీకు పెట్టడానికి దాదాపు ఏమీ లేదని చెప్పవచ్చు. అది నిజాయితీ, దాన్ని అవమానంగా తీసుకోకూడదు. ఇంటి నుంచి పులిహోర తీసుకెళ్లి బల్ల దగ్గర తెరవడం మర్యాద కాదు, శిశువుల ఆహారం తప్ప బయటి తిండిని సాధారణంగా ఒప్పుకోరు.

అందుకే నా సలహా ఇది. గుడ్డు తింటూ, దాషి గురించి పట్టించుకోని శాకాహారి అయితే పెద్ద చెయిన్లలో ఏదైనా ఫర్వాలేదు; వంటకాల పట్టిక పెద్దది కాబట్టి సుషిరో, కూరా కొంచెం నయం. నిక్కచ్చిగా పాటించేవారు ఉంటే ఏ కైతెన్ హోటల్‌నూ వారికి పూర్తి భోజనంగా లెక్కించకండి. మధ్యాహ్నం ఇంట్లో పప్పు, అన్నం, పెరుగు తిన్న తర్వాత మూడు గంటల వేళ కూరాకు తీసుకెళ్లండి. వారు దోసకాయ చుట్టలు రెండు, ఎదమామె ఒక గిన్నె, చివర ఐస్‌క్రీమ్ తీసుకుని, మనవడి బొమ్మల ఆట చూస్తూ హాయిగా కూర్చుంటారు. ఆకలితో ఉన్న పెద్దావిడను రాత్రి ఎనిమిదింటికి తీసుకెళ్లి, దోసకాయ ముక్కల ముందు కూర్చోబెట్టి, పక్కన మనం సాల్మన్ ప్లేట్ల దొంతర పేర్చడం బాగుండదు.

ఉడికినదైతేనే తినేవారు

గోదావరి పులుసుల మీద పెరిగిన పెద్దలకు చేప కొత్త కాదు, పచ్చిగా తినడమే కొత్త. వారికి ఈ హోటళ్లు ఊహించినదానికంటే బాగా సరిపోతాయి. ఉడికించిన రొయ్యను పెట్టిన ఎబి, పిండిలో ముంచి వేయించిన రొయ్య టెంపురా పెట్టిన సుషీ, పాములా పొడవుగా ఉండే ఉనాగి చేపను తీపి సాస్ పూసి కాల్చినది, మంటతో పైపైన కాల్చి ఇచ్చే అబురి సాల్మన్, ట్యూనా మయోనైజ్ గుంకన్, ఇవన్నీ చెయిన్లలో దాదాపు ఎల్లప్పుడూ దొరుకుతాయి. అబురి పైన మాత్రమే కాలుతుంది, లోపల పచ్చిగానే ఉంటుందన్న సంగతి ముందే చెప్పండి. పేరులో నామా అన్న మాట ఉంటే పచ్చిదని అర్థం. నామా ఎబి, అమా ఎబి రెండూ పచ్చి రొయ్యలే. రొయ్యల సాగులో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం, భారత రొయ్యలు కొనే దేశాల్లో జపాన్ కూడా ఉంది. కాబట్టి భీమవరం నుంచి వచ్చిన మామగారు తన ముందున్న రొయ్య ఎక్కడిదని అడిగితే నవ్వేయకండి.

గొడ్డుమాంసం, పందిమాంసం తినని ఇళ్లవారు ఇంకో విషయం గమనించాలి. సుషీ అంటే చేపే అన్న ధీమాతో ప్లేటు తీసుకోకూడదు. గ్యూ కరుబి అంటే గొడ్డుమాంసం, నామా హాము అంటే పంది, హంబాగు అన్నదాంట్లో రెండూ కలిసి ఉండవచ్చు, రామెన్ అనే నూడుల్స్ రసం పంది ఎముకలతో కాచినది కావచ్చు. స్క్రీన్ భాషను ఇంగ్లీషుకు మార్చుకునే వీలు పెద్ద చెయిన్లలో ఉంది, ముందుగా ఆ పని చేయండి. హలాల్ పాటించే కుటుంబాలు సోయా సాస్‌లోనూ, మిరిన్ అనే తీపి ద్రవంలోనూ ఉండే ఆల్కహాల్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. అలర్జీలు ఉన్నవారికి ప్రతి పెద్ద చెయిన్ తన వెబ్‌సైట్‌లో వివరమైన పట్టికను ఉంచుతుంది. ఈ విషయంలో చిన్న హోటళ్ల కంటే చెయిన్లే నమ్మదగినవి.

గర్భిణుల విషయంలో డాక్టర్ మాటే ఆఖరి మాట. జపాన్ ఆరోగ్య మంత్రిత్వ శాఖ పాదరసం ఎక్కువగా ఉండే కురోమాగురో, మెబాచి వంటి పెద్ద ట్యూనాలను గర్భిణులు పరిమితంగా తినాలని సూచిస్తుంది. సాల్మన్, రొయ్యలు ఆ పరిమితిలోకి రావు. పచ్చిదనం వల్ల వచ్చే ఇతర ఇబ్బందులు వేరే సంగతి కనుక, ఆ పూటకు ఉడికినవాటితో సరిపెట్టుకోవడమే నయం.

మధుమేహం ఉన్న పెద్దలకు చేప వల్ల ఇబ్బంది లేదు, అన్నం వల్ల ఉంది. సుషీ అన్నంలో వెనిగర్, ఉప్పుతో పాటు చక్కెర కూడా కలుపుతారు. ఒక్కో ముక్క కింద సుమారు 15 నుంచి 20 గ్రాముల అన్నం ఉంటుంది, ప్లేటుకు రెండు ముక్కల చొప్పున ఎనిమిది ప్లేట్లు తింటే దాదాపు పావు కిలో, లేదా అంతకంటే ఎక్కువే అవుతుంది. ముద్దలుగా కాకుండా ముక్కలుగా వస్తుంది కాబట్టి అంత తిన్నామని తెలియదు. అన్నం తగ్గించి ఇచ్చే వీలు కొన్ని చెయిన్ల స్క్రీన్ మీద ఉంటుంది, వెతికి నొక్కండి.

చేప కోసమే వెళ్లేవారు

ఇంట్లో అందరూ పచ్చిచేప తినేవారే అయితే, పిల్లలు కాస్త పెద్దవారైతే, పై లెక్కలన్నీ పక్కనపెట్టి చెయిన్ల కంటే ఒక మెట్టు పైనున్న హోటళ్లకు వెళ్లాలి. జపాన్ ఉత్తర ద్వీపమైన హొక్కైడోలో పుట్టిన నెమురో హనామారు, తోరితోన్ అనే రెండింటికీ టోక్యోలో శాఖలున్నాయి; మొదటిది టోక్యో స్టేషన్ ఎదుట కిట్టె భవనంలో, రెండోది స్కైట్రీ టవర్ కింద సోలమాచి అనే మాల్‌లో. ఇక్కడ యంత్రం మలిచిన అన్నం ముద్ద మీద ముక్క పెట్టి పంపరు. వంటవాడు మీ కళ్లెదుటే చేప కోసి చేత్తో మలిచి ఇస్తాడు. ముక్క అన్నాన్ని దాటి రెండు వైపులా వేలాడుతుంది, సీజన్‌ను బట్టి రకాలు మారతాయి. స్కాలప్ అనే ఆల్చిప్ప మాంసం, చేప గుడ్లు తిని చూస్తే చెయిన్లతో తేడా మొదటి ముక్కలోనే తెలుస్తుంది.

దానికి చెల్లించే మూల్యం డబ్బు కంటే సమయంలో ఎక్కువ. సెలవు రోజుల్లో గంట, రెండు గంటలు వరుసలో ఉండటం మామూలు. పెద్ద సోఫాలున్న బల్లలు తక్కువ, కౌంటర్ సీట్లు ఎక్కువ, పిల్లల బండి పెట్టే చోటు ఇరుకు. మోకాళ్ల నొప్పులున్న తల్లిని, నిద్రకు వేళైన పిల్లవాణ్ణి తీసుకుని ఆ వరుసలో నిలబడటం చేపకోసమైనా సరే చేయదగిన పని కాదని నేను గట్టిగా చెబుతాను. దంపతులిద్దరే వెళ్లే రోజుకు దాన్ని దాచుకోండి.

ఈ సందర్భంలో సాల్మన్ గురించి ఒక మాట. జపాన్ వారు సాల్మన్‌ను తరతరాలుగా వండుకునే తిన్నారు. పచ్చి సాల్మన్ సుషీ అక్కడ పాతుకుపోయింది 1980ల్లో నార్వే తన పెంపకపు సాల్మన్‌ను అమ్ముకోవడానికి చేసిన ప్రచారం తర్వాతే. కాబట్టి చెయిన్ హోటల్‌లో సాల్మన్ తిని వచ్చినవారు "అసలైన సుషీ" తినలేదని బెంగపడటం కానీ, తిన్నామని గర్వపడటం కానీ అవసరం లేదు. పురుగుల భయం ఉన్నవారికి ఇంకో ఊరట ఉంది: చెయిన్లలో వాడే చేపలో చాలా భాగం గడ్డకట్టించి తెచ్చినదే, మైనస్ 20 డిగ్రీల వద్ద 24 గంటలు ఉంచితే అనిసాకిస్ అనే పురుగు చచ్చిపోతుంది.

ధర, వేళ, చోటు

ఒకప్పుడు ఈ చెయిన్లన్నిటికీ ప్లేటు 100 యెన్ అన్నదే గుర్తింపు. 2022 అక్టోబరులో సుషిరో, కూరా రెండూ ఆ ధరను వదిలేశాయి. ఇప్పుడు అన్నిటికంటే చవకైన ప్లేటు కూడా ఊరి బయట ఒక ధరలో, టోక్యో నడిబొడ్డున అంతకంటే ఎక్కువ ధరలో ఉంటుంది. కాబట్టి స్టేషన్ పక్కనున్న శాఖ కంటే శివారులో పార్కింగ్ ఉన్న శాఖ కుటుంబానికి రెండు విధాలా మేలు: ధర తక్కువ, బల్లలు విశాలం. పెద్దలు నలుగురు తలా ఎనిమిది ప్లేట్లు తిని, రెండు మూడు వేపుళ్లు, పిల్లలకు ఐస్‌క్రీములు తీసుకుంటే చెయిన్లలో 6,000 యెన్ల అటూ ఇటుగా లెక్కవేసుకోవచ్చు. హొక్కైడో రకం హోటళ్లలో ఒక్క మనిషికే 3,000 యెన్లు తేలిగ్గా దాటుతుంది. టిప్ ఇచ్చే ఆచారం జపాన్‌లో లేదు.

కేవలం ఖర్చే ప్రధానమైతే ఇంటికి దగ్గరలో ఉన్నది చూసుకోండి, పెద్ద చెయిన్ల మధ్య ధర తేడా కోసం అరగంట రైలు ఎక్కడం దండగ. సుషిరో, కూరా, హమాజుషి మూడింటికీ ఒక్కోదానికి 500కు పైగా శాఖలున్నాయి, ఏదో ఒకటి దగ్గర్లోనే ఉంటుంది. రుచిలో ఈ మూడింటిలో నా ఓటు సుషిరోకే, ముఖ్యంగా ట్యూనా, సాల్మన్‌లలో. అయితే కళ్లు మూసుకుని తింటే కనిపెట్టగలనని పందెం వేయను.

శని, ఆదివారాల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ఎక్కడికి వెళ్లినా నిలబడవలసిందే. తలుపు తెరిచే వేళకో, మూడు నాలుగు గంటల మధ్యనో వెళితే చాలాసార్లు నేరుగా బల్ల దగ్గరికి పంపుతారు. జపాన్‌లో ఉండేవారు యాప్‌లో ముందుగా వరుస సంఖ్య తీసుకోవచ్చు. పర్యటనకు వచ్చినవారు తలుపు దగ్గరి యంత్రంలో ఎంతమంది, బల్లా కౌంటరా అన్నది నొక్కి చీటీ తీసుకోవాలి. అక్కడ "ఏదైనా ఫర్వాలేదు" అన్నది నొక్కితే ఆరుగురినీ కౌంటర్ మీద వరుసగా కూర్చోబెట్టే ప్రమాదం ఉంది. పర్యాటకులకు టోక్యోలోని అసకుసా ప్రాంతంలో ఉన్న కూరా శాఖ అక్కడి ఆలయం చూసి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది, 2020లో విదేశీయులను దృష్టిలో పెట్టుకుని విశాలంగా కట్టినది. ఆ వీధుల్లో పెద్దలను ఇంకెక్కడికీ తిప్పనక్కరలేదు.

అమెరికాలో ఉన్నవారు ఇవే లెక్కలను కొంచెం మార్చుకోవాలి. టెక్సస్‌లో ప్లేనో, కాలిఫోర్నియాలో కూపర్టినో వంటి మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో కూరాకు శాఖలున్నాయి. అక్కడ ఒక బొమ్మ రావాలంటే పదిహేను ప్లేట్లు కావాలి, అయితే పదిహేను కాగానే ఖాయంగా వస్తుంది.

ఇవేవీ కుదరని రోజుకు ఇంకో దారి ఉంది, దాన్ని చాలామంది ఎంపికల్లో చేర్చరు. అన్ని చెయిన్లూ పెట్టెలో సర్ది ఇస్తాయి, ఫోన్‌లో ముందే ఆర్డర్ పెట్టి వేళకు వెళ్లి తెచ్చుకోవచ్చు. పెద్దలకు ఇంట్లో వేడి అన్నం, చారు. పిల్లలకు రొయ్య, ఆమ్లెట్ ముక్కలు ఏరి పెట్టిన ప్లేటు. మీకు మీ సాల్మన్. తెచ్చిన పెట్టెను ఫ్రిజ్‌లో పెట్టకండి, అన్నం బిరుసెక్కిపోతుంది. దారిలో చల్లగా ఉండేలా మంచు ప్యాకెట్ అడిగి తీసుకుని, ఇంటికి రాగానే కూర్చుని తినేయండి.